పసుపు దారం చెప్పులు

నతానియేలు పరిగెడుతున్నాడు.

కాళ్లకు చెప్పుల్లేవు.

జొన్న కోసేసిన చేను. మిగిలిపోయిన మొదళ్లు అరికాళ్లలో దిగుతున్నాయి. అడుగడుగుకూ ప్రాణం తోకకొస్తోంది.

వెనక బైకు...

అది చేలోకి దిగడం లేదు. గట్టు మీదే నెమ్మదిగా వస్తోంది. దాని లైటు మాత్రం చేనంతా వెతుకుతోంది.

లైటు అతని వీపు మీద పడింది!

నతానియేలు బోర్లా పడ్డాడు. నల్లరేగడి మట్టి నోట్లోకి వచ్చింది. ఊపిరి బిగబట్టాడు.

బైకు ఆగింది. ఇంజను ఆగలేదు.

"ఏం సారూ, యాడ దాంకుంటావ్? ఈడ చెట్టు కూడా ల్యాదు."

సారూ అన్నాడు. అంటే తను బడిపంతులని వీడికి తెలుసు.

ఎట్లా తెలుసు?

ఆ మేడ మీది నుంచి నలభై మంది దాకా పారిపోయారు. తలా ఒక దిక్కు. బైకు మాత్రం అందర్నీ వదిలేసి అతని వెనకే పడింది.

తన వెనకే ఎందుకు?

లేచాడు. మళ్లీ పరుగు.

గంట క్రితం అతను నవ్వుతున్నాడు. ఇరవయ్యారేళ్ల బతుకులో అంతమంది మధ్య అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి.

నంద్యాల ఊరి చివర, ఆళ్లగడ్డ రోడ్డుకు కాస్త లోపలగా ఒక మేడ. పైవాటా ఒక్క రోజుకు అద్దెకు తీసుకున్నది హిమజ. ఓనరుకు బర్త్‌డే అని చెప్పింది. నిజానికి అది పండగ. మగవాణ్ని ప్రేమించే మగవాళ్లు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లలు, హిమజలాగా మగపిల్లాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతున్నవాళ్లు... ఏడాదికి ఒక్కసారి ఒక్క గదిలో చేరి, తమలాగా తాము ఉండే పండగ. పెద్ద ఊళ్లలో దీన్ని జెండాలు పట్టుకుని రోడ్డు మీద చేస్తారు. నంద్యాలలో కర్టెన్లు వేసుకుని చేస్తారు.

హిమజ ఫంక్షన్లకు వంటలు చేస్తుంది. నలభై దాటిన మనిషి. వంటైనా పండగైనా ఆమెకు ఒకటే పద్ధతి. అడ్రసు చివరి గంటలో పంపుతుంది. ఫొటోలు తీయనివ్వదు. ఫోన్లన్నీ మెట్ల దగ్గర బకెట్లో వేయిస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు జత లేకుండా ఎవర్నీ పంపదు. కొత్తగా వచ్చినవాళ్లను ఒక మాట అడుగుతుంది.

నతానియేలునూ అడిగింది.

"బయట ఒక మనిషి నెంబరియ్యప్పా. నీకేమన్నా అయితే ఫోన్ జేసేదానికి."

అతను చాలాసేపు ఆలోచించాడు. స్కూల్లో స్టాఫ్ ఉన్నారు. రూములో ఇంకో మాస్టారు ఉన్నాడు. చర్చిలో వందమంది పేర్లు పెట్టి పిలుస్తారు. ఒక్కరికైనా తను ఇక్కడున్నానని చెప్పగలడా?

ఒక్కరు లేరు.

చివరికి నోటికొచ్చిన నెంబరు చెప్పాడు. చిన్నప్పుడు కంఠతా పట్టిన నెంబరు.

"పేరు?"

"బాలమ్మ."

"ఏమైతాది నీకు?"

"అమ్మ."

"నీ సంగతి తెల్సునా ఆయమ్మకు?"

"తెల్దు. ఆ నెంబరుకు ఎప్పుడూ చెయ్యాకు అక్కా. ఊరికే ఉండనీ."

హిమజ అతని ముఖంలోకి చూసింది. నెంబరు ఫోన్లో పెట్టుకుంది.

అన్నిటికీ కట్టుబాటు పెట్టిన హిమజ ఒక్కదానికి పెట్టలేదు. చెప్పులకు.

కేకు కోసే ఇల్లు. అన్నం పెట్టే ఇల్లు. చెప్పులతో ఎవరు లోపలికెళ్తారు? నలభై మంది చెప్పులూ గడప బయట, మెట్ల మీద, వీధిలోకి ముఖం పెట్టుకుని కూర్చున్నాయి. తప్పని ఎవరికీ తట్టలేదు. తట్టేది కూడా కాదు.

కేకు కోసే ముందు కరెంటు పోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు! కర్రలు గోడకు కొడుతున్న చప్పుడు!

"వినీత యాడ? దాన్ని బయటికి పంపండి!"

హిమజ తలుపుకు గ్యాస్ సిలిండర్ అడ్డం దొర్లించింది. ఆ ఇల్లు తీసుకున్నదే వెనక మెట్లు చూసి.

"ఎవురూ అరవాకండి. ఎనకమాల దిగండి. జతలు జతలుగా. బిరబిరా."

ఫోన్ల బకెట్ నతానియేలు డ్యూటీ. చీకట్లో ఒక్కొక్కరి ఫోను చేతిలో పెట్టి దించాడు. చివరి ఆటోలో ఒక్కరికే చోటుంది. ఏడుస్తున్న కుర్రాణ్ని ఎక్కించాడు. ఆటో వెళ్లిపోయింది.

తనొక్కడే మిగిలాడు. ఎప్పటిలాగే.

చేను అయిపోయింది. ముళ్లకంప. దాని అవతల హైవే.

బైకు ఇంకా గట్టు మీదే ఉంది. దగ్గరకు రాదు. దూరం పోదు. కుడికి తిరిగితే కుడివైపు లైటు కొడుతుంది. ఎడమకు తిరిగితే ఎడమవైపు. మిగిలిన దారి ఒక్కటే. రోడ్డు.

వాళ్లకు కావాల్సింది వినీత. ఆమె ఈ పండగకు రానే లేదు. పగిడ్యాల దగ్గర భూములున్న ఇంటి పిల్ల. నంద్యాలలో ఉద్యోగం చేస్తూ షాలినితో కలిసి ఉంటోంది. షాలిని ఆళ్లగడ్డ పిల్ల. నతానియేలుకు సండే స్కూలు నుంచీ స్నేహితురాలు. ఇద్దరూ ఒకరినొకరు ప్రేమించుకున్నారని ఇళ్లలో తెలిసిపోయింది. ఆ రోజు నుంచీ దాక్కుంటున్నారు. రేపు పొద్దున బెంగుళూరు రైలెక్కితే బతికిపోతారు.

ఈ రాత్రి వాళ్లు ఎక్కడున్నారో నతానియేలుకు తెలుసు.

నోట్లో నువ్వు గింజ నానని లోకం ఇది. అతను మాత్రం ఆ ఒక్క మాట మూడు రోజులుగా మింగుకుని తిరుగుతున్నాడు. ఇంకొక్క రాత్రి మింగుకుంటే చాలు.

కంప దాటాడు. చొక్కా చిరిగింది. రోడ్డు మీద పడ్డాడు.

ఎదురుగా కారు లైట్లు!

బ్రేకు. టైర్లు కీచుమన్నాయి. తెల్లకారు. అద్దం మీద పావురం స్టిక్కరు. ఆ స్టిక్కరు ఆళ్లగడ్డలో ఎవరికి తెలీదు?

"నతానూ? ఏందిరా ఇది? ఏందిరా ఆ కాళ్లు?"

జాషువా.

షాలినికి సొంత అన్న. చర్చిలో యూత్ లీడర్. నతానియేలుకు కీబోర్డు నేర్పింది అతనే. పదిహేడేళ్లప్పుడు ఒక సాయంత్రం, పాటల ప్రాక్టీసు అయ్యాక, నతానియేలు తన గురించి ఒక్క మనిషికైనా చెప్పుకోవాలని జాషువా ముందు నిలబడ్డాడు. మాట గొంతు దాకా వచ్చింది. "ఏమిరా?" అన్నాడు జాషువా ఆప్యాయంగా. "ఏం ల్యాదన్నా" అని వచ్చేశాడు. చెప్పుకోదగిన మనిషి ఒకడున్నాడన్న ధైర్యం మాత్రం ఇన్నేళ్లూ మిగిలింది.

"ఎక్కురా. ఎవురో వస్తాండారు ఎనకమాల."

ఎక్కాడు. ముందు సీటు. తలుపు పడింది. కారు కదిలింది. అద్దంలో బైకు లైటు చిన్నదైపోయింది.

నతానియేలుకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"పాణ్యంలో ప్రార్థన కూటం జూస్కోని వస్తాండా. దేవుడే పంపినట్టుంది నన్ను. నీళ్లు తాగు."

తాగాడు.

"ఎవుర్రా వాళ్లు? ఆ వినీత వాళ్లన్న మనుషులేనా?"

తలూపాడు.

"అనుకున్నా. ఆ శ్రీకాంత్ మంచోడు కాదురా. పిల్ల దొరికితే చంపుతాడు. పక్కనుంటే మా షాలినిని గూడా వదలడు." జాషువా కళ్లు తుడుచుకున్నాడు. "నేను పెద్ద మాటలన్న్యా దాన్ని. కొట్టిన్యా. తప్పే. ఇప్పుడు దాన్ని కాపాడుకోవాల. నీకు చెప్పింటాది. యాడుందో చెప్పురా నతానూ. వాడికంటే ముందు మనం పోదాం."

ఎంత మెత్తని గొంతు...

ఎన్ని రోజుల నుంచి మోస్తున్నాడు ఆ బరువు. ఒక్కడే. చెప్పేస్తే సగం తగ్గుతుంది. సొంత అన్న కాక ఇంకెవరు కాపాడతారు?

నోరు తెరిచాడు.

రక్తం కారుతున్న కాళ్లు సీటు కిందికి ముడుచుకున్నాడు. మడమకు ఏదో తగిలింది.

రబ్బరు.

వేలితో తడిమాడు. చెప్పు. బొటనవేలు దూరే చోట ఒక ముడి. దారం ముడి.

చూడక్కర్లేదు. ఆ దారం రంగు అతనికి తెలుసు.

పసుపు.

ఆదివారం చర్చి బయట చెప్పులన్నీ కలిసిపోతాయి. ఒకసారి బాలమ్మ ఒక కాలికి నల్లది, ఇంకో కాలికి ఎర్రది వేసుకుని ఇల్లు చేరింది. అప్పట్నుంచి ఇంట్లో ఏ చెప్పు కొన్నా బొటనవేలి దగ్గర పసుపు దారం కుట్టేస్తుంది. సంఘమంతా నవ్వుకునే దారం. ఎక్కడ కనపడినా "బాలమ్మోళ్ల చెప్పులు" అనే దారం.

ఆ చెప్పులు నంద్యాల మేడ మెట్ల మీద ఉండాలి.

జాషువా పాణ్యం నుంచి వస్తున్నాడు.

మరి చెప్పులు?

నోరు మూసుకున్నాడు. కంచే చేను మేసింది. ఆ మెట్ల మీద జాషువా నిలబడ్డాడు. దారం చూశాడు. లోపల ఎవరున్నారో ముఖం చూడకుండానే తెలుసుకున్నాడు. అందుకే బైకు తన వెనకే వచ్చింది. పట్టుకోడానికి కాదు. అడవిపందిని కేకలేసి వల వైపు తోలినట్టు, రోడ్డు మీదికి తోలడానికి!

చెయ్యి నెమ్మదిగా తలుపు మీదికి పోయింది.

లాక్.

జాషువా రోడ్డునే చూస్తున్నాడు.

"కాలికి తగిలినాయా?" అన్నాడు అదే మెత్తని గొంతుతో. "డిక్కీలో ఎయ్యాల్సింది."

శిరివెళ్ల రాకముందే కారు హైవే దిగింది.

కాలువ గట్టు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వెనక బైకు వచ్చి ఆగింది. హెల్మెట్ తీశాడు. ముప్పయ్యేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా. చేతిలో కత్తి. వినీత అన్న శ్రీకాంత్.

"చెప్పినాడా?"

"చెప్తాడు," అన్నాడు జాషువా.

నతానియేలును కిందికి లాగారు. శ్రీకాంత్ మాటలతో టైం వేస్టు చేయలేదు. చెంప మీద కొట్టాడు. చెవిలో గుంయ్‌మంది.

"యాడ మా చెల్లెలు?"

"హైదరాబాద్ పోయినారు. నిన్ననే."

ఇంకో దెబ్బ.

"మళ్లీ చెప్పు."

"హైదరాబాద్."

కత్తి మెడకు ఆనింది. చల్లగా ఉంది. నతానియేలుకు భయం వేసింది. చావుకు కాదు. చెప్పేస్తానేమోనని.

"అన్నా," అన్నాడు జాషువా వైపు తిరిగి. "వినీతను ఏం జేస్తారు?"

జాషువా కాలువ వైపు చూశాడు.

"నా చెల్లెల్ని నేను తీస్కపోతా. ఆ పిల్లతో నాకేం పని? వాళ్ల పిల్ల, వాళ్ల ఇష్టం."

"నీళ్లు చూస్తాండావ్ గదా," అన్నాడు శ్రీకాంత్. "నడిరాత్రికి ఇంకా పెరుగుతాయి."

అంత మామూలుగా అన్నాడు.

"నీ సంగతి నాకు ఎప్పట్నుంచో తెల్సురా నతానూ," అన్నాడు జాషువా. "ఆ రోజు చెప్పేదానికి వచ్చినావు, చెప్పలేకపోతివి. ఇప్పుడు ఇది చెప్పు. నీది నా కడుపులో పెట్టుకుంటా. చెప్పకపోతే ఆదివారం సంఘం ముందర నిలబెడతా. మీ అమ్మ ముందర."

తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. తను ఎవరికి చెప్పుకోవాలని కలగన్నాడో ఆ మనిషి దాన్ని దాచిపెట్టుకున్నది ఇందుకు!

నతానియేలుకు ఇంతకంటే ఒంటరితనం ఎప్పుడూ తెలియదు. మెడ మీది కత్తి కూడా దాని ముందు చిన్నదే అనిపించింది.

అప్పుడు మోగింది ఫోను.

అతని జేబులో. వెలుగులో పేరు కనపడింది. అమ్మ.

తొమ్మిది. రోజూ ఈ టైముకే. కొడుకు నంద్యాలలో, తల్లి ఆళ్లగడ్డలో. మధ్యలో ఫోన్లో కుటుంబ ప్రార్థన. వానొచ్చినా, జ్వరమొచ్చినా ఆగింది లేదు.

"కట్ చెయ్," అన్నాడు శ్రీకాంత్.

"వొద్దు," అన్నాడు జాషువా. "ఎత్తకపోతే ఆయమ్మ సంఘమంతా లేపుతాది. అందరికంటే ముందు నాకే ఫోన్ జేస్తాది. మాట్లాడనీ. స్పీకర్‌లో పెట్టు."

జాషువాకు తెలీనిది ఒకటుంది. షాలిని, వినీత ఉన్నది బాలమ్మ ఇంట్లోనే!

షాలిని ఏడుస్తూ వచ్చి కాళ్ల మీద పడితే, "పెండ్లి ఇష్టం ల్యాకపోతే ఆడపిల్లను కొడతారా?" అని బాలమ్మ ఇద్దర్నీ లోపలికి తీసుకుంది. అంతకు మించి అడగలేదు. చర్చిలో స్త్రీల కూటానికి పెద్దామె. షాలిని దొరకాలని జాషువా తల్లి పక్కన మోకరించి ప్రార్థన చేసింది, షాలిని తన వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతుండగా. ఆ ఇంటి మీద ఎవరికీ అనుమానం రాలేదు.

బాలమ్మకు ఒక అలవాటుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ పేరు పేరునా ప్రార్థనలో పెడుతుంది. చుట్టం వచ్చినా సరే. మేక ఈనినా సరే.

ఇప్పుడు పేర్లు చెప్పేస్తుంది.

స్పీకర్ ఆన్ అయ్యింది. కత్తి మెడ మీదే ఉంది.

"వందనాలమ్మా..."

"వందనాలు నాయనా. అన్నం తింటివా?"

"తిన్న్యామ్మా. రోడ్డు మీదుండా. ఈ పొద్దు ప్రార్థన రేపు చేస్కుందాం."

"రేపటిది రేపే. కండ్లు మూసుకో."

నతానియేలు కళ్లు మూసుకున్నాడు. నిజంగానే.

"తండ్రీ, ఈ దినమంతా కాపాడినందుకు స్తోత్రం. నా బిడ్డ నతానియేలును నీ చేతికి అప్పజెప్తాండా. యాడున్నా, ఎవురి పక్కనున్నా వాని మీద చెయ్యేసి ఉండు. చెప్పుల్లేకుండా నడిచే కాళ్లకు ముల్లు దిగకుండా సూడు..."

కళ్లు తెరిచాడు.

చెప్పుల్లేకుండా?

"తప్పిపోయిన షాలినిని కనిపెట్టుకో తండ్రీ. చెల్లెలి కోసం తిరుగుతాండే జాషువాను గూడా కనిపెట్టుకో. అందర్నీ ఇల్లు చేర్చు. అడిగి వేడుకుంటాండా. ఆమేన్."

పేర్లు బయటపడలేదు. నతానియేలు ఊపిరి వదిలాడు.

"ఆమేన్."

జాషువా పెదవులు కూడా కదిలాయి. పుట్టినప్పటి అలవాటు. ఆపుకోలేడు.

ఫోన్లోంచి ఇంకో గొంతు వచ్చింది.

"ఆమే...న్."

సన్నగా. చివర్లో కాస్త సాగదీసి.

ఫోను కట్ అయ్యింది.

గట్టు మీద ఎవరూ కదల్లేదు. నీళ్ల చప్పుడు ఒక్కటే.

"ఎవుర్ది ఆ గొంతు?" అన్నాడు శ్రీకాంత్.

జాషువా ముఖం పాలిపోయింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

"పుట్టినప్పటి నుంచి నా పక్కన కూసోని అనిన ఆమేన్ అది," అన్నాడు. "నా చెల్లెలు."

శ్రీకాంత్ డ్రైవింగ్. వెనక సీట్లో నతానియేలు. పక్కన జాషువా, చేతిలో కత్తి.

కారు ఎగురుతోంది.

ఒక్క ఆమేన్. మెడ మీద కత్తి పెట్టినా తను చెప్పని మాట ఒక్క ఆమేన్ చెప్పేసింది. చర్చిలో పెరిగిన పిల్ల. ప్రార్థన అయితే నోరు దానంతటదే కదులుతుంది. షాలినిని తిట్టుకోవాలో, ఆమెకు ఆ ఆమేన్ అలవాటు నేర్పిన సండే స్కూలును తిట్టుకోవాలో అతనికి తెలియలేదు.

శిరివెళ్ల. రోడ్డు పక్క డాబా. ట్యూబులైట్లు. మంచాల మీద లారీవాళ్లు రొట్టెలు తింటున్నారు.

నతానియేలు అద్దం మీద రెండు చేతులతో బాదాడు!

"అన్నా! అన్నా!"

ఒకడు తలెత్తాడు. చూశాడు. మళ్లీ రొట్టె తుంచుకున్నాడు.

జాషువా మోచేత్తో పక్కటెముకల్లో పొడిచాడు. ఊపిరాడలేదు. కళ్ల ముందు డాబా వెళ్లిపోయింది.

"గమ్మునుండు. మీ అమ్మను ఏం జెయ్యను. ఆయమ్మంటే నాకు గౌరవం."

ఎవరూ లేరు. హిమజ ఏ దిక్కుకు పోయిందో తెలీదు. ఫోను జాషువా జేబులో ఉంది. అమ్మ ఒక్కతే ఇద్దరు ఆడపిల్లలతో, తలుపు గొళ్లెం కూడా సరిగ్గా పడని ఇంట్లో...

ఆళ్లగడ్డ వచ్చేసింది.

ఊరి చివర సందు. ఒకవైపు రాతి శిల్పాలు చెక్కే షెడ్లు. పని ఆగిపోయిన రాత్రి. సగం చెక్కిన బొమ్మలు సందు పొడవునా వరసగా నిలబడి ఉన్నాయి. చేతుల్లేనివి కొన్ని. ముఖాల్లేనివి కొన్ని. కింద నేలంతా రాతి పలుకులు. చిన్నప్పుడు చీకటి పడితే ఈ బొమ్మల మధ్య నడవాలంటే నతానియేలుకు భయం. ఈ రోజు ఇంకా ఎక్కువ ఉన్నట్టు అనిపించాయి.

సందు చివర ఇల్లు. ఒక్క బల్బు. గడప బయట ఒక్క జత చెప్పులు. అమ్మవి. పసుపు దారం.

కారు ఆగింది. లైట్లు ఆర్పేశారు.

జాషువా కత్తి శ్రీకాంత్‌కు ఇచ్చాడు.

"వీన్ని చూస్కో. నేను పోతే తలుపు తీస్తారు. ఇద్దర్నీ బయటికి తెస్తా. అరుపులు వొద్దు."

"మా పిల్ల నా చేతికి."

"నీ చేతికే."

జాషువా దిగాడు. మెట్లెక్కాడు. తలుపు ముందు ఒక్క క్షణం ఆగాడు.

వంగి బూట్లు విప్పాడు.

చెల్లెల్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకు రావడానికి వెళ్తున్న మనిషి, బాలమ్మ గడప ముందు బూట్లు విప్పి, పక్కన సర్ది పెట్టాడు!

"అత్తా, నేను. జాషువాను."

తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్లాడు. తలుపు పడింది.

నతానియేలు కళ్లు మూసుకున్నాడు. అరుపు వినబడుతుందని ఎదురు చూశాడు.

వినబడలేదు.

"ఏందిది?" అన్నాడు ముందు సీట్లో శ్రీకాంత్. గొంతు మారింది.

"ఏం?"

"ఆ బొమ్మ... ఇందాక ఆడ లేదు."

నతానియేలు కళ్లు తెరిచాడు.

కారు పక్కన రాతి బొమ్మ. దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి. చీకట్లో కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఒక బొమ్మ తల తిప్పింది!

శ్రీకాంత్ తాళం తిప్పాడు. రివర్సు. వెనక ధడేల్‌మని తగిలింది. వంటపాత్రల టెంపో సందుకు అడ్డంగా నిలబడి ఉంది. ముందు ఇల్లు. పక్కల బొమ్మలు. ఆ బొమ్మలన్నీ నడిచి వస్తున్నాయి. నలభై మంది. వాళ్లలో ఏడుపు ఆపుకోలేక ఆటో ఎక్కిన కుర్రాడు కూడా ఉన్నాడు. అందరి కాళ్లూ ఉత్తవే.

వెనక డోరు తెరుచుకుంది. ఒక బలమైన చెయ్యి నతానియేలు చొక్కా పట్టుకుని బయటికి లాగింది.

"జత లేకుండా పోవద్దని చెప్పిన్యా ల్యాదా?" అంది హిమజ.

శ్రీకాంత్ కత్తి పట్టుకుని దిగబోయాడు. దిగడానికి చోటు లేదు. రెండు తలుపులకూ మనుషుల వీపులు ఆనుకుని ఉన్నాయి. సందు మొదట్లో పోలీసు జీపు లైటు వెలిగింది.

అప్పుడు ఇంటి తలుపు దబ్‌మని తెరుచుకుంది.

అలికిడికి జాషువా బయటికొచ్చాడు. మనుషుల్ని చూశాడు. జీపును చూశాడు. బూట్లు వేసుకునే టైం లేదు. మెట్లు దూకి షెడ్ల వైపు పరుగు తీశాడు.

రాతి పలుకుల మీద. ఉత్త కాళ్లతో.

నాలుగు అడుగులు వేశాడు. అయిదోది వేయలేకపోయాడు.

గడపలో షాలిని నిలబడి ఉంది. వెనక వినీత, ఆమె చెయ్యి పట్టుకుని. "ఆ ఆమేన్ నీ కోసమే అన్న్యా అన్నా," అంది షాలిని. "వస్తావని తెలుసు."

నతానియేలుకు అర్థమైంది. అమ్మ ప్రార్థన అర్థమైంది. అందర్నీ ఇల్లు చేర్చమంది. చేర్చింది.

పోలీసులు శ్రీకాంత్‌నూ జాషువానూ జీపెక్కించారు.

"నెంబరుకు చెయ్యాకు అన్న్యా గదక్కా," అన్నాడు హిమజతో. కోపంగా అందామనుకున్నాడు. రాలేదు.

"చేసినా. నీ బిడ్డ చెప్పుల్లేకుండా పోయినాడమ్మా, పావురం బొమ్మ తెల్లకారు ఎక్కించుకోని పోయిందని మా ఆటోవాళ్లు జూసినారు, యాడున్నాడో తెల్దు అన్న్యా. నువ్వు ఎవురు అనడిగింది. చెప్పిన్యా. ఏం పండగ అనడిగింది. అదీ చెప్పిన్యా. శానాసేపు మాట్లాడలే ఆయమ్మ. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్న్యా. తర్వాత, అందరూ మా ఇంటికి రాండి అనింది."

బాలమ్మ మెట్లు దిగి వస్తోంది. కొంగు తల మీద ఉంది. జీపు లైటులో సీటు కింద తన దారం కనపడింది. కారు దగ్గరకు నడిచింది. కొడుకు వైపు చూడలేదు. వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, పసుపు దారం చెప్పులు బయటికి తీసింది. అతని కాళ్ల ముందు వేసింది.

ఆ కాళ్లను చూసింది. అప్పుడు ఏడ్చింది.

"నాకు నీ సంగతి అర్థం కాలేదురా. రేపు అడుగుతా. కోపమొచ్చినా పడల్ల నువ్వు."

"అమ్మా, నేను..."

"ఎవురూ లేక నా నెంబరిచ్చినావంట గదా."

అతను తలొంచుకున్నాడు.

"నేనుండంగ, ఎవురూ లేరని ఎట్లనుకుంటివిరా?"